గోడ మీది గోదావరి

నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్నే, స్టీలు సామాన్ల దుకాణం మీద రెండో అంతస్తుల జ్యోతిరాణి మేడమ్ ట్రైనింగ్ సెంటర్ ఉంది. వియత్నాంల ఇంగ్లీష్ చెప్పడానికి పోయేటోళ్లకు ఆరు వారాల కోర్సు. వర్ష చేరిన రోజు ఆమె తండ్రి పరమేశ్వర్ గూడ ఎంబడి వచ్చిండు. మేడమ్ కుర్చీ చూపెట్టినా కూసోలేదు. చేతులు ఎన్కకు కట్టుకొని గోడకున్న ఫోటోలు ఒక్కొక్కటి చూసుకుంట పోయిండు. మొత్తం పదకొండు. ప్రతి ఫోటోల ఒక మన దిక్కు మనిషి, చుట్టూ యూనిఫామ్ ఏసుకున్న పరదేశం పిల్లలు, కింద పేరు, ఊరు.

"వీళ్లల్ల ఒక్కరి ఫోన్ నంబర్ ఇయ్యరాదుండ్రి మేడమ్, మాట్లాడుత," అన్నడు.

"వాళ్లు డ్యూటీల ఉంటరండీ. అడిగినోళ్లకల్లా నంబర్లు ఇస్తే బాగుండదు," అన్నది జ్యోతిరాణి నవ్వుకుంట. నలభై దాటిన మనిషి. కాటన్ చీర, మెత్తటి మాట.

మెట్లు దిగుతుంటే పరమేశ్వర్ బిడ్డతోని అన్నడు. "గిట్ల నవ్వుకుంట మాట్లాడెటోళ్లతోనే నాకు భయం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యకు. జిరాక్సులే ఇయ్యి."

ఆయన భయం ఉత్తది కాదు. ఇరవై ఏండ్ల కింద అరబ్బు దేశంల సూపర్ మార్కెట్ల పని అని చెప్పి ఒక ఏజెంటు ఆయన్ను బొంబాయిల విమానం ఎక్కించిండు. అక్కడ దిగంగనే పాస్‌పోర్టు గుంజుకొని ఖర్జూరపు తోటకు తోలిండ్రు. మూడేండ్లు ఎండల పనిచేసి, పాస్‌పోర్టు లేకుంటనే ఎంబసీ కాగితం మీద తన ఊరు ఎడపల్లికి వచ్చిండు. ఆ ఏజెంటు గూడ మంచిగనే నవ్వెటోడు. ఇప్పుడు ఊర్లె ఇంకో మాట నడుస్తున్నది. కంప్యూటర్ పని అని వియత్నాం దిక్కు దేశాలకు తీస్కపోయి, రూముల తాళమేసి, ఫోన్లల్ల మోసాలు చేపిస్తున్నరని. బీడీలు చుట్టుకుంట నలుగురు ఆడోళ్లు ఆ మాట మాట్లాడుకున్న రోజు, వర్ష వాళ్ల అవ్వ, పరమేశ్వర్ భార్య భాగ్యలక్ష్మి చాట పక్కకు పెట్టి లోపలికి పోయింది.

వర్షకు ఇరవయ్యారేండ్లు. బోధన్ల ఒక ప్రైవేట్ బడిల నాలుగేండ్ల సంది ఇంగ్లీష్ చెప్తున్నది. చెప్పుడంటే, గైడుల ఉన్న జవాబులు బోర్డు మీద రాయాలె, పిల్లలు వాటిని నోట్‌బుక్కుల దించుకోవాలె. పదో తరగతి పాసైన పిల్ల ఒకతి బజార్ల కనబడితే, వర్ష ఇంగ్లీష్‌ల "ఎక్కడికి పోతున్నవ్" అని అడిగింది. ఆ పిల్ల తల వంచుకొని నవ్వి ఊకున్నది. మూడేండ్లు తనే చెప్పిన పిల్ల. నాకు అసలు పాఠం చెప్పొస్తదా అన్న అనుమానం ఆ రోజు పట్టుకున్నది. వియత్నాం కోర్సు గురించి ఫోన్ల చూసినప్పుడు జీతం కంటే ముందు ఆమె చదివింది అక్కడ ఎట్ల నేర్పిస్తరనే ముచ్చటనే.

మొదటి వారం జ్యోతిరాణి వాళ్లకు ఒక పాఠం చెప్పింది. అరగంట సేపు వియత్నాం మాటనే, తెలుగు లేదు, ఇంగ్లీష్ లేదు. బల్ల మీద టమాట, ఉల్లిగడ్డ, చేసంచి, కొన్ని బొమ్మలు పెట్టి, చూపిచ్చుకుంట, అనిపిచ్చుకుంట పోయింది. తొమ్మిదిమంది నేర్చుకునేటోళ్లు చెమటలు పట్టి కూసున్నరు.

"ఇప్పుడెట్లున్నది?" అని అడిగింది అయినంక. "మీరు పోయిన్నాడు అక్కడి పిల్లలకు గూడ గిట్లనే ఉంటది. మీరు ఎక్కువ మాట్లాడుడు కాదు, వాళ్లతోని మాట్లాడిపియ్యాలె."

వర్షకు ఆ పాఠం నచ్చింది. కానీ బాపు మాట లోపల పురుగులెక్క తొలుస్తనే ఉండె. ఆమె ఆ పాఠాన్ని చాటుంగ ఫోన్ల రికార్డు చేసింది. బస్సుల ఎడపల్లికి పోయేటప్పుడు తర్జుమా చేసే యాప్‌కు వినిపించింది. అమ్మ బొమ్మ చూపిచ్చి మేడమ్ చెప్పిన మాటకు యాప్ 'దయ్యం' అని రాసింది. ఇంకోపారి వినిపిస్తే 'వరినారు' అని రాసింది. వర్ష ఫోన్ బంద్ చేసింది. ఈమె చెప్పుకున్నట్టు అసలు ఆ దేశం పోయిందా?

ఆ సంది ఆమె మేడమ్‌ను చూసే చూపే మారింది. ఫోన్ వస్తే మేడమ్ మెట్ల మీదికి పోయి హిందీల ఎందుకు మాట్లాడుతది? ఒకనాడు మాట్లాడుకుంట "ఆ ముచ్చట పిల్లలకు చెప్పకుండ్రి" అని ఎందుకన్నది? ఫోటోలల్ల ఒకటి కందకుర్తి నుంచి పోయిన గోదావరి అనే పిల్లది. నవ్వుతున్న మొఖం, చేతిల రంగుకాగితం పూలు. ఆమె గురించి అడిగితే "ఆడనే ఉంది, మంచిగుంది" అని చెప్పి వెంటనే బోర్డు దిక్కు ఎందుకు తిరిగింది?

మూడో వారం జ్యోతిరాణి ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగింది. ఢిల్లీల ముద్రలు ఏపియ్యాలె, లేకుంటే అక్కడ పని చేసే పర్మిట్ రాదని చెప్పింది. వర్ష ఆ మాట ఇంట్ల చెప్పంగనే పరమేశ్వర్ లేచి అంగీ ఏసుకున్నడు.

"కందకుర్తి ఏం లండన్ల ఉన్నదా? పోయి ఆ పిల్ల ఇంట్ల అడుగుదాం."

ఇద్దరు బోధన్ల బస్సు మారి, పొద్దున పదికి కందకుర్తిల దిగిండ్రు. చాయ్ హోటల్ల గోదావరి ఇల్లు అడిగితే, గల్లా దగ్గరి ముసలాయన వాళ్లను కిందికి మీదికి చూసిండు.

"వియత్నాం గోదావరేనా? సెలవు మీద వచ్చింది. నాలుగు నెలలాయె. గిన్ని సెలవులిచ్చే నౌకరి ఉంటే మా మనుమనికి గూడ సూడుండ్రి."

పరమేశ్వర్ బిడ్డ దిక్కు చూసిండు. వర్ష ఇంటి దారి అడిగి ముంగటికి నడిచింది.

ఇంటి ముంగట గోదావరి తల్లి వెంకటవ్వ చెక్కుడు పారతోని గడ్డి తీస్తున్నది. గోదావరి పేరు వినంగనే పార ఆపింది. "మీరెవరు? ఎవరు పంపిండ్రు?" అని రెండుసార్లు అడిగింది. ఏదన్న పెండ్లి సంబంధం వాళ్లు తెలుసుకోను వచ్చిండ్రని ఆమె అనుమానం. "బిడ్డ నౌకరి మంచిగున్నది, వచ్చే నెల మళ్ల పోతది," అన్నది గేటు తెరవకుంటనే.

"నేను గూడ అక్కడికే పోతున్న అవ్వా. ఆమె తోని రెండు మాటలు మాట్లాడి పోత," అన్నది వర్ష.

లోపలి గది తలుపు తెరుచుకున్నది. ఫోటోల ఉన్న మనిషే. చిక్కి సగం అయింది. "రానియ్యవ్వా," అన్నది.

పరమేశ్వర్ మొదటి ప్రశ్ననే అడిగిండు. "పాస్‌పోర్టు గుంజుకున్నరా బిడ్డా?"

"లేదు బాపు. పర్మిట్ కోసం తీస్కున్నరు, వారంల ఇచ్చిండ్రు. జీతం గూడ టైముకు ఇచ్చిండ్రు. రూమ్ మంచిదే."

"కొట్టిండ్రా? తాళమేసిండ్రా?"

"ఏం లేదు."

"మరెందుకొచ్చినవ్?"

గోదావరి వర్ష దిక్కు తిరిగింది. పరమేశ్వర్‌తోని చెప్పే మాట కాదన్నట్టు ఆమెకే చెప్పింది. మొదటి వారంల తల్లిదండ్రులు అద్దాల కిటికీల నుంచి క్లాసు చూసిండ్రట. ఇద్దరు ముగ్గురు ఆఫీసుకు పోయి అడిగిండ్రట, ఈమె ఇంగ్లీష్ మనిషిలెక్క లేదు, నల్లగున్నది, ఎక్కడిది అని. మేనేజర్ గోదావరిని పిలిచి నువ్వు అమెరికాల పుట్టినవని చెప్పు, అంతే, పని అయిపోతదన్నడు. గోదావరి జ్యోతిరాణికి ఫోన్ చేసింది. అందరు చెప్పేదే, చెప్పెయ్యి అన్నదట మేడమ్.

"చెప్పిన. రెండు నెలలు అదే చెప్పుకుంట బతికిన. ఒకనాడు ఒక చిన్న పిల్ల పటం తెచ్చి నీ ఇల్లు ఏడుంది టీచర్ అని అడిగింది. నేను వేలు పెట్టిన. ఏడ పెట్టిన్నో నాకే తెల్వదు. తెల్లారి ఆ పిల్ల నా ఊరి గురించి ఇంటర్నెట్ల చూసి వచ్చింది. మంచు గురించి అడిగింది, నది గురించి అడిగింది. ఒక అబద్ధం మీద ఇంకోటి. ప్రతి పిల్ల మొఖంల నాకు అనుమానమే కనబడేది. దొరికిపోయిన, దొరికిపోయిన అని. నిద్ర పట్టకపోతుండె. టికెట్ తీస్కొని వచ్చేసిన."

వెంకటవ్వ తలుపు కాడ నిలబడి ఇంటున్నది. ఆమెకు గూడ ఇది కొత్త ముచ్చటేనని ఆమె మొఖం చూస్తే తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల పరమేశ్వర్ అన్నడు. "నేననుకున్న మోసం వేరే. ఇది నాకు సమజ్ కాలే." కొంచెం సేపటికి, "మనిషిని తోటల ఏసుడు కంటె ఇది మేలో కాదో గూడ తెల్వది," అన్నడు.

మర్నాడు వర్ష క్లాసు కంటె ముందే పోయింది. జ్యోతిరాణి ఒక్కతే ఉన్నది.

"నేను కందకుర్తి పోయొచ్చిన మేడమ్."

జ్యోతిరాణి చేతిలోని మార్కర్ బల్ల మీద పెట్టింది. దబాయిస్తదని వర్ష అనుకున్నది. ఆమె దబాయించలేదు.

"మంచిగున్నదా పిల్ల?"

"ఆడనే ఉందని ఎందుకు చెప్పిండ్రు మాకు? ఈ ఫోటో ఎందుకు ఉంచిండ్రు?"

"ఆమెనే ఉంచుమన్నది. ఎవరడిగినా ఆడనే ఉందని చెప్పుమన్నది. ఊర్లె ఇజ్జత్ పోతదని."

వర్షకు ఆ మాట మీద గూడ నమ్మకం కుదరలేదు. కందకుర్తిల తీస్కున్న నంబరుతోని అక్కడికక్కడ గోదావరికి ఫోన్ కలిపి, స్పీకర్ల పెట్టి అడిగింది. "అవును, నేనే చెప్పిన," అన్నది గోదావరి.

జ్యోతిరాణి కుర్చీల కూసున్నది. "నేను గూడ రెండేండ్లు చేసిన అక్కడ. సింగపూర్ దాన్నని చెప్పుకున్న. నా వియత్నాం మాటకు కూరగాయలమ్మెటోళ్లు పడిపడి నవ్వెటోళ్లు, రాగం జర తప్పితే మాటనే మారుతది అక్కడ, అమ్మ అనబోయి దయ్యం అంటుంటి. ఇంగ్లీష్ మాత్రం మంచిగ చెప్పిన, అది అబద్ధం కాదు. ఈ రంగు ముచ్చట మీకు ముందే చెప్తే ఎవరు పోతరు? నా సెంటర్ ఏమైతది?"

"చెప్పకుంటె మేమేమైతం మేడమ్?"

జ్యోతిరాణి మార్కర్ మళ్ల చేతికి తీస్కున్నది. కింద దుకాణంల ఎవరో గిన్నెలు దించుతున్నరు, ఆ సప్పుడు మీదిదాక వచ్చింది.

అక్కడనే మానుకొని ఉంటే వర్షను ఎవరూ ఏమనకపోదురు. ఇంట్ల అవ్వ అదే కోరుకున్నది. కానీ వర్షకు ఇప్పుడు ఇంకో పంతం పట్టింది. తనకు చెప్పొస్తదా రాదా అన్నది తేలనేలేదు. మూడు రోజులు ఆలోచించి మేడమ్‌కు ఒక షరతు పెట్టింది. "నా పేరు, నా ఊరు, నా ఫోటో ముందే బడోళ్లకు పంపుండ్రి. ఇండియాల ఎడపల్లి అని రాయుండ్రి. ఒప్పుకున్నోళ్ల దగ్గరికే పోత."

మూడు బడులకు రాసిండ్రు. ఒకటి జవాబే ఇయ్యలేదు. ఒకటి ఖాళీ లేదన్నది. మూడోది, హనోయికి మూడు గంటల దూరంల ఒక చిన్న టౌన్లది, వీడియోల పాఠం చెప్పి చూపియ్యమన్నది.

ఆ పాఠం కోసం వర్ష గోదావరిని ఎడపల్లికి పిలిచింది. వస్తదో రాదో అనుకున్నది. ఆమె పొద్దుటి బస్సుకే దిగింది. ఇంటి ముంగట గద్దె మీద కూసొని వర్ష చెప్పేది చూసింది.

"ఆగు," అన్నది రెండు నిమిషాలకే. "నువ్వే మాట్లాడుతున్నవ్. వాళ్లకు నువ్వు కథ చెప్పొద్దు. అడుగు. అడిగి ఆగు. జవాబు వచ్చేదాక నీ నోరు కట్టేసుకో."

మూడో రోజుకు వర్ష ఆగుడు నేర్చుకున్నది. వీడియో పాఠంల ఆమె చెరుకు గడ ఒకటి చేతిల పట్టుకొని మొదలుపెట్టింది. ఇది ఏంది, ఎక్కడ పెరుగుతది, మీరు తింటరా తాగుతరా. అవతల తెర మీద ఆరుగురు పిల్లలు మొదలు సప్పుడు చెయ్యలేదు. వర్ష ఆగింది. పది సెకండ్లు, ఇరవై. అప్పుడు ఒక పిల్లగాడు గ్లాసు ఎత్తి తాగినట్టు చేసి చూపెట్టి, ఇంగ్లీష్‌ల "ఐసుతోని" అన్నడు. మిగతావాళ్లు ఒక్కసారే మొదలుపెట్టిండ్రు.

మేనేజర్ హా అనే ఆమె, యాభై ఏండ్లుంటయి, చివరికి ఒక్కటే అడిగింది. "తల్లిదండ్రులు నువ్వెక్కడి మనిషివని అడుగుతరు. ఏం చెప్తవ్?"

"ఇండియా అని చెప్త."

"సరే. కొంచెం కష్టమైతది," అన్నది హా.

నౌకరి ఆర్డర్ చేతికి వచ్చినంకనే వర్ష ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆర్డర్ వచ్చిన రోజే గోదావరి నిజామాబాద్ పోయి, గోడ మీది తన ఫోటో తనే దించుకున్నది. జ్యోతిరాణి వద్దనలేదు. అప్పటికప్పుడే ఆమెను అడిగింది, శనివారాలు వచ్చి కొత్తోళ్లకు నీకు అయినదంతా చెప్తవా అని. గోదావరి వెంటనే ఒప్పుకోలేదు. నెల పట్టింది.

వర్ష పోయిన పదిరోజులకు బడోళ్లు పర్మిట్ కోసం పాస్‌పోర్టు తీస్కున్నరు. ఐదు రోజులల్ల వస్తదన్నరు. ఎనిమిదో రోజుకు గూడ రాలేదు. ఆ మాట ఫోన్ల వినంగనే పరమేశ్వర్ నిజామాబాద్ పోయి జ్యోతిరాణి సెంటర్ల కూసున్నడు. అరవలేదు, తిట్టలేదు. మొదటిరోజు చూపెట్టినా కూసోని కుర్చీలనే ఇప్పుడు గట్టిగ కూసున్నడు.

"పాస్‌పోర్టు వచ్చేదాక లేవను మేడమ్," అన్నడు.

జ్యోతిరాణి బడికి ఫోన్ చేసింది. హాతోని తన పాడు వియత్నాం మాటలల్లనే మాట్లాడింది. పరమేశ్వర్ ఆమె మొఖంనే చూసుకుంట కూసున్నడు, ఎక్కడ అబద్ధం దొరుకుతదా అని. పండుగ సెలవులకు ఆఫీసు బంద్ ఉన్నదని చెప్పిండ్రు. ఆయన నమ్మలేదు. సాయంత్రం దాక కూసున్నడు. ఆమె రెండుసార్లు చాయ్ తెప్పించింది, ఆయన తాగలేదు. తెల్లారి మళ్ల వచ్చిండు. ఆమె చెప్పకుంటనే కుర్చీ జరిపింది. ఆ మధ్యాహ్నం వర్ష పాస్‌పోర్టును తెరిచి పట్టుకొని ఫోటో పంపింది. పరమేశ్వర్ దాన్ని పెద్దగ చేసి నంబర్ మొత్తం చదివిండు, జేబులోని చీటీల రాసుకున్న నంబరుతోని సరిచూసుకున్నడు. అప్పుడు చాయ్ అడిగిండు. తాగుకుంట ఆమెకు ఖర్జూరపు తోట ముచ్చట మొత్తం చెప్పిండు. ఇంట్ల గూడ అంత వివరంగ ఆయన ఎప్పుడు చెప్పలేదు.

కష్టమైతదని హా చెప్పింది నిజమే అయింది. మొదటి నెలల నలుగురు తల్లిదండ్రులు పిల్లల్ని వర్ష క్లాసు నుంచి మార్పిచ్చుకున్నరు. ఆఫీసుల ఒకాయన మెల్లగ వచ్చి, ఇంగ్లండ్ల చదువుకున్ననని అంటే ఏమైతది అన్నడు. వర్ష కాదన్నది. ఆమె గంటలు తగ్గించిండ్రు, జీతం గూడ తగ్గింది. శని, ఆదివారాలు చిన్నపిల్లల క్లాసులే మిగిలినయి. క్లాసు అద్దాల అవతల ఎవరు నిలబడ్డా, నన్ను తీసేయనీకే చూస్తున్నరు అనుకునేది. కూరగాయల దుకాణంల ఆమె నవ్వితే, నన్ను చూసే నవ్వింది అనుకునేది. ఆ అనుమానం గోదావరిని తిన్నట్టే తనను గూడ తింటున్నదని ఒక పొద్దు గుర్తుపట్టింది. ఆ రోజు గోదావరికి ఫోన్ చేసి గంట మాట్లాడింది.

"నువ్వు అబద్ధం చెప్పలే గద," అన్నది గోదావరి. "మరి నీకు ఏం దొరుకుతదని భయం? వాళ్లు చూస్తే చూడనీ. పాఠం చెప్పు."

అది చిన్న మాటనే. కానీ మర్నాటి నుంచి వర్ష క్లాసు తలుపు తెరిచి పెట్టి చెప్పుడు మొదలుపెట్టింది. చూడాలనుకునేటోళ్లు అద్దంల నుంచి కాదు, లోపలికొచ్చి చూడొచ్చని హాతోని చెప్పిచ్చింది. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. మూడో వారం ఒక ముసలామె, మనుమరాలిని దింపి పోయేటామె, చెప్పులు బయట ఇడిచి లోపలికొచ్చి ఎన్క బల్ల మీద కూసున్నది. నవ్వలేదు. పాఠం అయ్యేదాక వర్షను రెప్పెయ్యకుంట చూసింది.

ఆ తర్వాత మూడు శనివారాలు అట్లనే కూసున్నది. నాలుగో శనివారం క్లాసు అయినంక వర్ష దగ్గరికొచ్చి ఏదో అడిగింది. వర్షకు అర్థం కాలేదు. హాను పిలిచింది.

"మనుమరాలు ఇంటికొచ్చి ఈమెను ప్రశ్నలు అడుగుతున్నదట ఇంగ్లీష్‌ల," అన్నది హా. "జవాబు చెప్పనీకె ఈమెకు రావట్లేదట. ఈమెను గూడ క్లాసుల చేర్చుకుంటవా అని అడుగుతున్నది."

వర్ష ముసలామె దిక్కు చూసింది. ఆమె మొఖంల ఇప్పటికీ నవ్వు లేదు. టీచర్ ఏం అంటదో అని ఆమెకే అనుమానంగ ఉన్నట్టున్నది, సంచి రెండు చేతులతోని పట్టుకొని నిలబడ్డది.

"పేరు అడుగుండ్రి," అన్నది వర్ష, రిజిస్టర్ తెరుచుకుంట.